వద్దన్న తల్లిదండ్రులు, ఆగని గడియారం

వృషణం మెలిపడి రక్తప్రసరణ ఆగిపోయిన పిల్లవాడికి 6 గంటల్లోపు ఆపరేషన్ చేస్తే దాదాపు ప్రతిసారీ దాన్ని కాపాడవచ్చు. 12 గంటలకి ఆ అవకాశం సగానికి పడిపోతుంది. ఒక రోజు గడిచాక మిగిలే ఆశ చాలా తక్కువ. పుట్టుకతోనే థైరాయిడ్ పనిచెయ్యని పసిబిడ్డకి ఇంకాస్త గడువుంటుంది. మొదటి 2 వారాల్లో మందు మొదలుపెడితే మెదడు మామూలుగా ఎదుగుతుంది. నెలలు గడిచాక మొదలుపెడితే, జారిపోయిన ఎదుగుదల ఎంత మందు వేసినా తిరిగి రాదు. కాలేయం నుంచి పైత్యరసం బయటికి వచ్చే నాళాలు మూసుకుపోయిన బిడ్డకి కసాయ్ ఆపరేషన్ 60 రోజుల్లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. ఆ పేరు మోరియో కసాయ్ అనే జపాన్ సర్జన్‌ది. తెలుగు చెవికి అది ఎంత భయంగా వినిపిస్తుందో చెప్పనక్కర్లేదు, అందుకే ఇది మనిషి పేరని ముందే చెప్పి ఆ తర్వాతే ఆపరేషన్ మాట ఎత్తడం మంచిది.

తల్లిదండ్రులు ‘మా బిడ్డకి ఈ వైద్యం వద్దు’ అన్నప్పుడు హక్కు ఎవరిదన్న వాదన వెంటనే మొదలవుతుంది. ఆ వాదన అవసరమే. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది గడువు. చేతిలో ఉన్నవి నిమిషాలా, రోజులా, నెలలా అన్నదాన్ని బట్టే మాట్లాడి ఒప్పించాలా, ఇంకో డాక్టరు సలహా తెప్పించాలా, కోర్టుకి వెళ్లాలా, అడక్కుండా వైద్యం మొదలుపెట్టాలా అన్నది నిర్ణయమవుతుంది. గడువు చూడకుండా చట్టం గురించి మాట్లాడేవాళ్లు రెండు రకాల తప్పులూ చేస్తారు. గంటలున్న చోట రోజులు పోగొడతారు, నెలలున్న చోట పోలీసుల్ని పిలుస్తారు.

తల్లిదండ్రుల హక్కు ఉత్త మాట కాదు. బిడ్డ ఎప్పుడు నిద్రపోతుంది, ఏ మందుకి వాంతి చేసుకుంటుంది, నొప్పిని ఎలా దాచుకుంటుంది అన్నవి వాళ్లకే తెలుసు. వైద్యం తర్వాత వచ్చే కష్టనష్టాలు రోజూ మోసేది వాళ్లే. రెండు వైద్యాలు ఇంచుమించు సమానమైనప్పుడు ఏది ఎంచుకోవాలన్నది వాళ్ల ఇష్టానికే వదిలేయాలి. టాన్సిల్స్ తీయించడమా, కొన్నాళ్లు చూడడమా అన్నది అలాంటిదే. ఆరోగ్యంగా ఉండి కాస్త పొట్టిగా ఉన్న పిల్లవాడికి గ్రోత్ హార్మోన్ ఇప్పించడమా మానడమా అన్నదీ అంతే. అలాంటి చోట డాక్టరుకి నచ్చని నిర్ణయం తీసుకున్నంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు.

అయితే ఈ హక్కు ఆస్తి మీద హక్కు లాంటిది కాదు, బిడ్డ తరఫున అప్పగించిన బాధ్యత. పెద్దవాడు అన్నీ తెలిసి, తన నమ్మకం కొద్దీ తనకి ఇన్సులిన్ వద్దంటే ఎవరూ బలవంతం చెయ్యలేరు. అదే మనిషి తన 6 ఏళ్ల కూతురికి ఇన్సులిన్ వద్దనలేడు. ఆ నమ్మకం అతనిది, ఆ పిల్ల దాన్ని ఇంకా తనదిగా చేసుకోలేదు. 1944లో అమెరికా సుప్రీం కోర్టు ‘ప్రిన్స్ వర్సెస్ మసాచుసెట్స్’ కేసులో ఈ సంగతే చెప్పింది: తల్లిదండ్రులు తమ విశ్వాసం కోసం తాము బలికావచ్చు గానీ, సొంతంగా నిర్ణయించుకునే వయసు రాకముందే పిల్లల్ని బలిచేసే స్వేచ్ఛ వాళ్లకి లేదు. నిజానికి ఆ కేసులో వైద్యం ఊసే లేదు. 9 ఏళ్ల అమ్మాయి వీధిలో మతపత్రికలు అమ్మడం గురించి వచ్చిన గొడవ అది. అయినా ఆ తర్వాత పిల్లల వైద్యం మీద వచ్చిన తగువుల్లో కోర్టులు పదే పదే పట్టుకున్నది ఆ వాక్యాన్నే. 1989 నవంబర్ 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టింది. 5వ అధికరణం తల్లిదండ్రుల మార్గదర్శకత్వాన్ని గౌరవించమంటుంది, 24వది అందుబాటులో ఉన్న అత్యున్నత స్థాయి ఆరోగ్యం బిడ్డ హక్కంటుంది.

మరి గీత ఎక్కడ గియ్యాలి? పిల్లల డాక్టరూ నైతికశాస్త్ర పండితుడూ అయిన డగ్లస్ డీకెమా 2004లో రాసిన పద్ధతి నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా కనిపిస్తుంది. బిడ్డకి అన్నిటికంటే మేలైనది ఏది అని వెతికితే ప్రతి ఇంట్లోనూ ప్రభుత్వం వేలుపెట్టాల్సి వస్తుంది, ఎందుకంటే ఏ తల్లిదండ్రులూ ప్రతిసారీ అన్నిటికంటే మేలైనదే చెయ్యలేరు. కాబట్టి జోక్యానికి కొలత హాని. ఈ నిరాకరణ వల్ల బిడ్డకి తీవ్రమైన హాని జరిగే ప్రమాదం ఉందా? అది ఇప్పుడే ఆపాల్సినంత దగ్గరలో ఉందా? మనం చెయ్యబోయే వైద్యం ఆ హానిని నిజంగా ఆపుతుందని రుజువుందా? తల్లిదండ్రులకి ఆమోదమయ్యే, తక్కువ బలవంతంతో అదే పని చేసే దారి ఇంకొకటి ఉందా? వీటికి జవాబులు కాగితం మీద పెట్టలేని డాక్టరు కోర్టు గడప తొక్కకూడదు. ఇంగ్లండు కోర్టులు మాత్రం తగువు తమ దాకా వచ్చాక బిడ్డకి ఏది మేలు అన్నదాన్నే చూస్తాయి. తీవ్రమైన హాని ఉంటేనే జోక్యం చేసుకోవాలన్న వాదనని 2017లో అక్కడి అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు.

వైద్య నిర్లక్ష్యం అనే మాట వాడే ముందు అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2007లో ఇచ్చిన 5 ప్రశ్నలు వేసుకోవాలి. వైద్యం అందక బిడ్డకి హాని జరిగిందా, జరిగే ప్రమాదం ఉందా? చెప్పిన వైద్యం వల్ల చెప్పుకోదగ్గ మేలుందా? ఆ మేలు దాని వల్ల వచ్చే బాధ కంటే ఎంతో ఎక్కువై, వివేకమున్న ఎవరైనా దాన్నే ఎంచుకునేంతగా ఉందా? ఆ వైద్యం వాళ్లకి నిజంగా అందుబాటులో ఉండి కూడా వాడుకోలేదా? డాక్టరు చెప్పింది వాళ్లకి అర్థమైందా?

చాలా కేసులు ఆఖరి రెండు ప్రశ్నల దగ్గరే తేలిపోతాయి. ఉబ్బసం ఉన్న పిల్లవాణ్ని మూడుసార్లు ఆసుపత్రికి తీసుకురాకపోతే నిర్లక్ష్యం అని రాసేస్తారు. వాకబు చేస్తే సెలవు పెడితే ఉద్యోగం పోతుందని తేలుతుంది, లేదా ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో ఎవరూ చేసి చూపించలేదని తేలుతుంది. ఆయాసం వచ్చినప్పుడు వాడేదీ, రాకుండా రోజూ వాడాల్సిందీ వేర్వేరని చెప్పకపోతే, ఆయాసం లేని రోజున మందు మానేయడం ఏ ఇంట్లోనైనా జరిగేదే. ఇలాంటి చోట కావలసింది వారెంటు కాదు, రవాణా, సాయంత్రం వేళ అపాయింట్‌మెంటు, ఇంకో 20 నిమిషాల ఓపిక.

నిజంగానే వద్దంటున్న తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు మొదటి 10 నిమిషాలు వైద్యం గురించి ఒక్క మాటా చెప్పకపోవడమే మేలు. ‘ఈ వైద్యంలో మీకు అన్నిటికన్నా భయం కలిగిస్తున్నదేమిటి?’ అని అడిగి ఊరుకోవాలి. వచ్చే జవాబు తరచూ మనం ఊహించింది కాదు. ఇదే జబ్బుతో బంధువుల బిడ్డ ఆసుపత్రిలో చనిపోయి ఉండవచ్చు. అత్తగారు ఒప్పుకోకపోవడం వల్ల తల్లి నోరు మెదపలేకపోతూ ఉండవచ్చు. మత్తు ఇస్తే తిరిగి లేవదన్న భయం ఉండవచ్చు. ఒక్కో కారణానికి ఒక్కో మందు. ఇంట్లో నిజంగా నిర్ణయం తీసుకునేది ఎవరో కనుక్కుని వాళ్లని పిలిపించాలి. భాష తెలియని కుటుంబమైతే దుబాసీని పెట్టాలి, ఆ పని జబ్బుపడ్డ పిల్లతోనో దాని అక్కతోనో చేయించకూడదు. చివర్లో ‘అర్థమైందా’ అని అడిగితే అందరూ తలూపుతారు. ‘ఇంటికెళ్లి మీ వాళ్లకి ఎలా చెబుతారో నాకొకసారి చెప్పండి’ అంటే ఏది అర్థమైందో ఏది కాలేదో బయటపడుతుంది.

చట్టం, పోలీసులు, బిడ్డని తీసుకెళ్లిపోతాం అన్న మాటలు మొదటి రోజే ఎత్తడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బెదిరిన కుటుంబం ఆ రాత్రే బిడ్డని ఎత్తుకుని వెళ్లిపోతుంది, చిరునామా మారుతుంది, ఫోను పలకదు. గడువు అంతా వెతకడంలోనే అయిపోతుంది.

రక్తం గడ్డకట్టడానికి పుట్టగానే ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ విషయం చూడండి. తొడ కండలో 1 మిల్లీగ్రాము, ఒకే ఒక్కసారి. ఇవ్వకపోతే పుట్టినప్పటి నుంచి 6 నెలల లోపు ఎప్పుడైనా, ఏ హెచ్చరికా లేకుండా రక్తస్రావం రావచ్చు. మొదటి వారం దాటాక, ఆలస్యంగా రక్తస్రావం వచ్చిన బిడ్డల్లో దాదాపు సగం మందికి అది మెదడులోనే జరుగుతుంది. ఇంజెక్షన్ పడని బిడ్డలకి ఈ ప్రమాదం 81 రెట్లు ఎక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతుంది. వద్దనే తల్లిదండ్రుల్లో చాలామంది చెప్పే కారణం బ్లడ్ క్యాన్సర్ భయం. అది ఊరికే పుట్టింది కాదు. 1990ల మొదట్లో ఇంగ్లండులో వచ్చిన ఒక పరిశోధన అలాంటి సంబంధం ఉండవచ్చని అన్నది, తర్వాత చేసిన పెద్ద పరిశోధనలేవీ దాన్ని ధ్రువపరచలేదు. ఈ చరిత్ర దాచకుండా చెబితే నమ్మకం పెరుగుతుంది. అప్పటికీ వద్దంటే కోర్టుకి పరుగెత్తడం కంటే నోట్లో వేసే చుక్కలకి ఒప్పించడం తెలివైన పని. అవి ఒకసారి వేస్తే చాలవు, వారాల తరబడి చెప్పిన తేదీల్లో వెయ్యాలి. కాలేయం సరిగా పనిచెయ్యని బిడ్డకి అవి ఒంటపట్టవు కూడా. అందుకే పచ్చకామెర్లు 2 వారాలు దాటినా, మలం తెల్లగా పాలిపోయినా, బొడ్డు దగ్గరో ముక్కులోనో చిన్న చుక్క రక్తం కనబడినా అదే రోజు తీసుకురావాలని రాసివ్వాలి.

రక్తం ఎక్కించుకోవడం తమ విశ్వాసానికి విరుద్ధమనే యెహోవా సాక్షుల విషయంలో గడియారం లెక్క మరీ స్పష్టంగా కనిపిస్తుంది. బిడ్డ ఒంట్లో కిలోకి సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అంటే 10 కిలోల బిడ్డకి మొత్తం 800. అందులో 200 పోతే పావు వంతు పోయినట్టే. పెద్దవాళ్లలో లీటరుకి పైగా పోయినదానికి అది సమానం. ఆపరేషన్ 6 వారాల తర్వాతైతే చెయ్యగలిగింది ఎంతో ఉంది. ఐరన్, ఎర్ర రక్తకణాల తయారీని పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇచ్చి హిమోగ్లోబిన్ ముందే పెంచవచ్చు. పరీక్షలకి పసిపిల్లల చిన్న ట్యూబులే వాడవచ్చు. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్ ఇవ్వవచ్చు. ఆపరేషన్‌లో కారిన రక్తాన్నే శుభ్రం చేసి తిరిగి ఎక్కించే యంత్రానికి కొందరు సాక్షులు ఒప్పుకుంటారు, రక్తం నుంచి వేరుచేసిన అల్బుమిన్ అనే ప్రొటీన్ లాంటివాటికీ కొందరు ఒప్పుకుంటారు. ఏది ఒప్పు, ఏది కాదు అన్నది ఒక్కొక్కటిగా అడిగి రాసుకోవాలి, మతం పేరు చూసి ఊహించకూడదు. కానీ ప్రమాదంలో పొట్టలోని ప్లీహం పగిలి వచ్చిన బిడ్డకి ఇవి చాలవు. ఎరిత్రోపోయిటిన్ ఫలితం కనబడడానికి వారం పది రోజులు పడుతుంది, ఆ బిడ్డకున్నది అరగంట. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సమ్మతి కోసం ఆగకుండా వైద్యం చెయ్యడానికి చాలా దేశాల చట్టాలు వీలిస్తాయి. అప్పుడు కేసు షీటులో సమయంతో సహా రాయాలి: ఏ ప్రమాదం ఉంది, ఎందుకు ఆగలేం, తల్లిదండ్రులకి ఏం చెప్పాం, వాళ్లేమన్నారు, ఎవరికి ఎన్ని గంటలకి ఫోను చేశాం. ఇద్దరు సీనియర్ డాక్టర్లు విడివిడిగా సంతకం పెట్టడం మంచిది. బిడ్డని తెచ్చిన పెద్దమనిషికి సమ్మతి ఇచ్చే అధికారం ఉందో లేదో కూడా చూడాలి. తాతయ్య, పిన్ని, టీచరు తెచ్చినంత మాత్రాన వాళ్లు సంరక్షకులైపోరు.

అన్నిటికన్నా కష్టమైనవి వారాలూ నెలలూ సాగే వైద్యాలు. పిల్లల్లో తరచుగా వచ్చే బ్లడ్ క్యాన్సర్, ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా, తీసుకోండి. మంచి సౌకర్యాలున్న చోట ఇప్పుడు దాదాపు 90 శాతం పిల్లలు బతుకుతున్నారు. కానీ వైద్యం 2 ఏళ్లకి పైగా సాగుతుంది. చిక్కు ఎక్కడంటే, మొదటి 4 వారాల కీమో అయ్యేసరికి 95 శాతానికి పైగా పిల్లల్లో జబ్బు మైక్రోస్కోపుకి కూడా దొరకదు. పాప నవ్వుతూ ఆడుకుంటూ ఉంటుంది. ఇక ఈ విషం ఎందుకని తల్లిదండ్రులకి అనిపించడం సహజం. జబ్బు బయటపడ్డ రోజున ఒంట్లో లక్ష కోట్ల దాకా క్యాన్సర్ కణాలుంటాయి. నూటికి 99 చచ్చాక కూడా వెయ్యి కోట్లు మిగులుతాయి. మిగతా రెండేళ్ల మందు వాటికోసమే. ఈ లెక్క మొదటి రోజే, పాప ఇంకా జబ్బుగా కనిపిస్తున్నప్పుడే చెప్పాలి. నాలుగో వారం తర్వాత చెబితే డబ్బుల కోసం సాగదీస్తున్నారని అనుకుంటారు.

1978లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ముందుకి వచ్చింది ఇదే సమస్య. జబ్బు అణిగాక తల్లిదండ్రులు కీమో మాత్రలు మానేశారు, జబ్బు తిరగబెట్టింది. కోర్టు కీమో కొనసాగించమంది. వాళ్లు బాదం జాతి గింజల్లోని పదార్థంతో చేసే లేట్రైల్ కావాలన్నారు. అది ఒంట్లో విడిపోయి సైనైడ్ అవుతుంది. కుటుంబం బిడ్డతో మెక్సికో వెళ్లిపోయింది, 1979లో ఆ పసివాడు చనిపోయాడు. తీర్పు గెలిస్తే బిడ్డ దక్కినట్టు కాదని ఈ కేసు చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. అందుకే ఇలాంటి చోట కుటుంబం కోరే పూజలు, ఆకుమందులు, తైలాలు అన్నిటినీ తుడిచిపెట్టకుండా, ఏవి కీమోకి అడ్డురావో ఫార్మసిస్టుతో చూపించి వాటిని ఉండనివ్వాలి. ‘అదీ చెయ్యండి, ఇదీ ఆపకండి’ అన్న మాటకి ఒప్పుకునేవాళ్లు ‘అది మూఢనమ్మకం’ అన్న మాటకి ఒప్పుకోరు.

పిల్లల మాట సంగతేమిటి? సుమారు 7 ఏళ్ల నుంచి పిల్లలకి తమ వయసుకి తగ్గట్టు చెప్పి, ఇష్టం అడగాలన్నది ఇప్పుడు పిల్లల వైద్యంలో మామూలు పద్ధతి. అడిగే తీరు ముఖ్యం. ఆపరేషన్ ఎలాగూ జరిగేదే అయితే ‘చేయించుకుంటావా’ అని అడగకూడదు. వద్దన్నాక కూడా చేస్తే ఆ పిల్ల ఇక ఎవర్నీ నమ్మదు. ‘సూది ఏ చేతికి? పక్కన అమ్మ ఉండాలా, నాన్న ఉండాలా? ముందు చెప్పనా, చెప్పకుండా చెయ్యనా?’ అని నిజంగా దాని చేతిలో ఉన్నవే అడగాలి. కౌమారం వచ్చాక తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టి కాసేపు విడిగా మాట్లాడాలి. అమ్మ ముందు ‘నాకూ వద్దు’ అన్న 14 ఏళ్ల అబ్బాయి తలుపు మూశాక వేరే మాట చెప్పవచ్చు.

1985లో, అప్పట్లో ఇంగ్లండుకి అత్యున్నత న్యాయస్థానంగా కూడా పనిచేసిన ప్రభువుల సభ గిలిక్ కేసులో ఇచ్చిన తీర్పు ఇక్కడ మైలురాయి. 16 ఏళ్ల లోపు వాళ్లైనా, ఆ వైద్యం ఏమిటో, దాని పర్యవసానాలేమిటో పూర్తిగా అర్థం చేసుకోగలిగితే సమ్మతి వాళ్లే ఇవ్వవచ్చంది. అయితే ఒప్పుకోవడం, కాదనడం ఒకే బరువు కావు. ఏమీ తినకుండా చిక్కిపోతున్న 16 ఏళ్ల అమ్మాయి వైద్యం వద్దన్నప్పుడు, 1992లో అదే దేశపు అప్పీలు కోర్టు ఆమె నిరాకరణని పక్కనపెట్టింది. ఇది నాకు సబబుగానే తోస్తుంది. ప్రాణాన్ని నిలబెట్టే ‘సరే’కి కావలసిన అవగాహన కన్నా, ప్రాణం తీసే ‘వద్దు’కి ఎక్కువ కావాలి.

ఆసుపత్రులు పొరబడవన్నట్టు ఇదంతా రాయడం అన్యాయం. 2014లో ఇంగ్లండులో మెదడు కణితి ఉన్న 5 ఏళ్ల బిడ్డని ప్రోటాన్ చికిత్స అనే ఒక రకం రేడియేషన్ కోసం తల్లిదండ్రులు చెప్పకుండా దేశం దాటించారు. యూరప్ దేశాల్లో చెల్లే అరెస్టు వారెంటు వెళ్లింది, స్పెయిన్‌లో వాళ్లని జైల్లో పెట్టారు, బిడ్డ ఒంటరిగా ఆసుపత్రిలో ఉండిపోయాడు. తర్వాత కోర్టే ప్రేగ్‌లో ఆ చికిత్సకి అనుమతిచ్చింది. వాళ్లు వైద్యం వద్దనలేదు, ఇంకొక గుర్తింపు పొందిన వైద్యం అడిగారు, అంతే. వాళ్ల వివరాలు కాస్త నిదానంగా చూసి ఉంటే వారెంటు దాకా పోయేది కాదు. ‘ఇది మా పాప మామూలు తీరు కాదు’ అని తల్లి చెప్పడం కూడా వైద్య సమాచారమే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2013 నుంచి ర్యాన్స్ రూల్, ఇంగ్లండులో 2024 నుంచి మార్తాస్ రూల్ పేరుతో, బిడ్డ పరిస్థితి దిగజారుతోందని అనుమానం వస్తే కుటుంబమే నేరుగా వేరే బృందంతో చూపించమని అడిగే వీలు కల్పించారు. ఏ ఆసుపత్రిలోనైనా తల్లిదండ్రులు అడగాల్సినవి అయిదున్నాయి: జబ్బు పేరేమిటి, వైద్యం చెయ్యకపోతే ఏమవుతుంది, ఏ తేదీలోపు నిర్ణయించాలి, ఇంకో దారి ఉందా, నూటికి ఎంతమందికి నయమవుతుంది. జవాబులు రాసిమ్మనడం వాళ్ల హక్కు.

ఇన్ని చేసినా దారి దొరక్కపోతే వరస ఇది. వేరే ఆసుపత్రి డాక్టరు చేత స్వతంత్రంగా చూపించాలి, ఆయనకి మన అభిప్రాయం ముందే నూరిపోయకూడదు. ఆసుపత్రి నైతిక కమిటీ కూర్చోవాలి, తల్లిదండ్రుల్నీ పిలవాలి. అప్పటికీ తేలకపోతే కోర్టు. కోర్టులో అడిగేది వీలైనంత చిన్నదై ఉండాలి: ‘ఈ ఆపరేషన్‌లో ప్రాణాపాయం వస్తే రక్తం ఎక్కించడానికి’, ‘ఈ తేదీ వరకు ఈ మందులు ఇవ్వడానికి’. బిడ్డని ఇంటి నుంచి తీసేయమని అడగడం ఆఖరి మాట. బిడ్డకి జబ్బు చేసిన రోజుల్లోనే అమ్మని దూరం చెయ్యడం కూడా హానే, దాన్నీ లెక్కలో వెయ్యాలి. అనుమతి వచ్చాక కూడా మందు ఇచ్చేటప్పుడు తల్లి ఒళ్లోనే కూర్చోబెట్టాలి, రోజూ ఏం జరిగిందో వాళ్లకే ముందు చెప్పాలి. నిర్ణయం తమ చేతుల్లోంచి పోయినందుకు లోలోపల ఊపిరి పీల్చుకునే కుటుంబాలుంటాయి. వాళ్ల పెద్దల ముందు వాళ్లు ఒప్పుకున్నట్టు చెప్పి ఇబ్బంది పెట్టకూడదు.

హాని అంత దగ్గరలో లేక, వాళ్ల నిరాకరణని ఒప్పుకుని ఇంటికి పంపాల్సి వస్తే ‘మా ఇష్టప్రకారమే వెళ్తున్నాం’ అన్న సంతకం ఒక్కటే తీసుకుని వదిలెయ్యకూడదు. ఆ కాగితం మీద ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే రావాలో ఉండాలి, వాటిని ఇంటి భాషలో రాయాలి. మళ్లీ చూపించాల్సిన తేదీ, ఆ రోజున బిడ్డని తెచ్చేది ఎవరు అన్నది ఉండాలి. అర్ధరాత్రి పలికే ఫోను నంబరు ఉండాలి. మనసు మారితే ఏ వేళకైనా రావచ్చని, వచ్చినప్పుడు ఇన్నాళ్లూ ఏం చేశారని ఎవరూ నిలదీయరని కూడా అందులోనే రాసి, డాక్టరు తన పేరు పెట్టాలి.